సొరచేప పేగులో బద్దెపురుగులు: సముద్రంలో సీసం ఎంతుందో ఇవి చెప్తాయా?

ఉప్పుటేరు:
అందరికీ నమస్తే. మాది కాకినాడ పక్కన పల్లె, ఇప్పుడు విశాఖలో ఉంటున్నాం. చెల్లికి డెలివరీ అయ్యి 18 రోజులు. పాలు బాగా పడాలని అమ్మ నిన్న హార్బర్‌కి వెళ్లి పాలసొరలు మూడు తెచ్చింది, వెల్లుల్లి దండిగా వేసి పుట్టు చేద్దామని. మామూలుగా అక్కడే కోయించి తెస్తుంది కానీ నిన్న జనం ఎక్కువగా ఉండి అలాగే పట్టుకొచ్చేసింది, దాంతో శుభ్రం చేసే పని నాకు పడింది. పేగు చీల్చి చూస్తే మామూలు చేప పేగులా ఉత్త గొట్టం కాదు, లోపల మరమేకుకి మరలు తిరిగినట్టు మడత మీద మడత. ఆ మడతల సందుల్లో తెల్లగా దారపు పోగుల్లాంటివి ఇరవై ముప్ఫై దాకా ఉన్నాయి. పెద్దవి చిటికెన వేలి గోరంత ఉంటాయేమో. గిన్నెలో నీళ్లు పోసి వేస్తే మెల్లగా ముడుచుకుని మళ్లీ సాగుతున్నాయి.

ఫోటో తీసి తమ్ముడికి పంపాను. వాడు చదివాడట, ఇలాంటి పురుగుల్లో సీసం, కాడ్మియం లాంటి భారలోహాలు చేప ఒంట్లో కంటే వందల రెట్లు ఎక్కువ ఉంటాయట, సముద్రం ఎంత పాడైందో వీటిని పరీక్షిస్తే తెలుస్తుందట, కాబట్టి ఆ చేపలు విషం, పారేయండి అన్నాడు. అమ్మేమో "నీ పురిటికి మీ అమ్మమ్మ నాకు ఇదే పెట్టింది, నువ్వు చచ్చావా" అని కోపం తెచ్చుకుంది. చేపలు ఫ్రీజర్‌లో పెట్టి మీ దగ్గరకి వచ్చాను. తమ్ముడు చెప్పింది నిజమేనా? నిజమైతే ఈ చేప తినొచ్చా, కూడదా?

సముద్రఘోష:
మీ తమ్ముడు చదివింది నిజమే అండి, కాని దాన్నుంచి తేల్చుకున్నది మాత్రం తప్పు. నేను వాల్తేరులో జువాలజీ ఎమ్మెస్సీ చేశాను, పరాన్నజీవులే నా సబ్జెక్టు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీరు చూసినవి బద్దెపురుగులు. సొర పేగులోని ఆ మరలని స్పైరల్ వాల్వ్ అంటారు, పేగు పొట్టిగా ఉన్నా ఆహారం చుట్టూ తిరుగుతూ పోవడానికి. బద్దెపురుగులకి అది సొంత ఇల్లు. సముద్రంలో పట్టిన సొరల్లో ఇవి ఉండటం చాలా మామూలు విషయం, లేకపోతేనే ఎందుకు లేవా అని చూడాలి.

ఇప్పుడు లోహాల సంగతి. బద్దెపురుగుకి నోరు లేదు, పేగు లేదు. చేప పేగులో అరిగిన ఆహారంలో మునిగి ఉండి, ఒంటి చర్మమంతటితోనూ పీల్చుకుంటుంది. ముళ్లతల పురుగులని ఇంకో జాతి ఉంది, తల మీద కొక్కేల్లాంటి ముళ్లతో పేగు గోడకి గుచ్చుకుని ఉంటుంది, దానికీ నోరు లేదు. ఆహారంతో పాటు అక్కడికి వచ్చిన సీసం, కాడ్మియం కూడా ఈ రెండిటి ఒంట్లోకీ పోతాయి, పోయి అక్కడే పేరుకుంటాయి. జర్మనీలో రూర్ నదిలో ఛబ్ అనే చేపల మీద బెర్న్‌డ్ జూరెస్ వాళ్ల బృందం 1990లలో చూసింది: ముళ్లతల పురుగులో సీసం ఆ చేప కండలో కంటే 2,700 రెట్లు, కాడ్మియం 400 రెట్లు. అది నది. సముద్రంలో కూడా చూశారు. అంటార్కిటికా దగ్గర కింగ్ జార్జ్ దీవి చుట్టూ, మనుషులు చాలా తక్కువగా ఉండే చోట పట్టిన చేపల పురుగుల్లో కూడా వెండి, సీసం, కాడ్మియం చేప కండలో కంటే బాగా ఎక్కువగా కనిపించాయి. ఆ పరిశోధన 2003లో వచ్చింది.

మీ ప్రశ్నకి మరీ దగ్గరది ఇంకోటి ఉంది. 2007లో పర్షియన్ గల్ఫ్ సొరల మీద ఇదే పని చేశారు, చిన్న జాతి సొర, పేగులో రెండు రకాల బద్దెపురుగులు. కాడ్మియం, సీసం పురుగుల్లో సొర ఒంట్లో కంటే వందల రెట్లు ఎక్కువ వచ్చాయి. మీ తమ్ముడు బహుశా దీని గురించే చదివి ఉంటాడు.

కాని ఈ అంకెలన్నీ పురుగు గురించి. మనం తినేది చేప కండ. చేప కండలో సీసం తక్కువ కాబట్టే పురుగుకీ దానికీ మధ్య అంత తేడా వస్తోంది. పురుగులో 300 రెట్లు ఉందంటే చేప 300 రెట్లు విషం అని కాదు.

అనుమానం:
సముద్రఘోష గారూ, ఒకటి అర్థం కాలేదు. పురుగు అంత సీసం లాగేసుకుంటే చేపకి మంచిదే కదా? అలాగైతే పురుగులున్న చేపే మేలు అనుకోవాలా?

సముద్రఘోష:
మంచి ప్రశ్న, దీని మీద ల్యాబులో పని జరిగింది. ఛబ్ చేపల్ని సీసం కలిపిన నీళ్లలో ఉంచి, పురుగులున్నవాటినీ లేనివాటినీ పోల్చారు. పురుగులున్న చేపల పేగు గోడలో సీసం తక్కువ వచ్చింది. దారి ఇది: సీసం మొప్పల ద్వారా రక్తంలోకి వస్తుంది, రక్తం దాన్ని కాలేయానికి చేరుస్తుంది, కాలేయం దాన్ని పైత్యరసంలో కలిపి పేగులోకి వదిలించుకుంటుంది. మామూలుగా అయితే పేగు ఆ పైత్యరసంలో కొంత మళ్లీ పీల్చుకుంటుంది, దానితో సీసమూ వెనక్కి వస్తుంది, అలా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ముళ్లతల పురుగు తనకి కావలసిన కొవ్వు పదార్థాలని సొంతంగా తయారు చేసుకోలేదు, అందుకని పైత్యరసాన్ని ఒంటితో పీల్చుకుంటుంది. సీసం దారి అక్కడ తెగిపోతుంది.

అయినా దీన్ని చేపకి మేలు అని నేను అనను. పురుగు చేప తిండి తింటుంది, పేగు గోడకి గుచ్చుకుని పుండు చేస్తుంది. ఒకవైపు లాభం, ఇంకోవైపు నష్టం, ఏది ఎక్కువో చేపని బట్టి, నీటిని బట్టి ఉంటుంది. పురుగులున్న చేపే కొనండి అని మాత్రం ఎక్కడా అనకండి.

నైట్రిక్:
హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో లోహాల పరీక్షలే చేస్తాను, ఐసీపీ-ఎంఎస్ మెషీన్ మీద. చేపల శాంపిళ్లు కూడా వస్తాయి. ఉప్పుటేరు గారి తమ్ముడు పడిన గందరగోళం నేను రోజూ చూస్తాను: గాఢత వేరు, మొత్తం వేరు.

ఉదాహరణకి లెక్క కట్టి చూడండి. అర కిలో కండ ఉన్న చేప అనుకుందాం, కండలో కిలోకి 0.05 మిల్లీగ్రాముల సీసం ఉందనుకుందాం. మొత్తం 25 మైక్రోగ్రాములు. దాని పేగులో పురుగులన్నీ కలిపి తూస్తే గ్రాములో పదో వంతు, వాటిలో గాఢత 300 రెట్లు, అంటే కిలోకి 15 మిల్లీగ్రాములు. గుణిస్తే పురుగులన్నిటిలో కలిపి 1.5 మైక్రోగ్రాములు. ఆ పదిహేను అనే అంకె చూస్తే గుండె ఆగుతుంది, మొత్తం మాత్రం చేప కండలో ఉన్నదాంట్లో దాదాపు పదిహేడో వంతు. పైగా ఆ పురుగు పేగుతో పాటు చెత్తబుట్టలోకే పోతుంది, పళ్లెంలోకి రాదు. యూరప్‌లో చేప కండలో సీసానికి పెట్టిన హద్దు కిలోకి 0.3 మిల్లీగ్రాములు, అది కండకే, పురుగుకి కాదు.

మరి పురుగు ఎందుకు పనికొస్తుందంటారా, మాలాంటి వాళ్లకి అది వరం. సముద్రపు నీటిలో సీసం చాలా కొంచెం, అదీ పోటుకి ఒక రకం, పాటుకి ఒక రకం, వాన పడితే ఇంకో రకం. పైగా ఆ ఉప్పు మెషీన్‌ని నానా తిప్పలూ పెడుతుంది. ఒక సీసాడు నీళ్లు పట్టుకొచ్చి ఇదీ సముద్రం అంటే నేను నమ్మను. పురుగు మాత్రం కొన్ని వారాల పాటు అక్కడే కూర్చుని పోగు చేసి పెడుతుంది. చేప ఒంట్లోకి నిజంగా దిగిన లోహం ఎంతో అదే చెప్తుంది, నీళ్లలో తేలుతున్నదంతా కాదు.

బాబాయ్_కువైట్:
నేను కువైట్‌లో 14 ఏళ్లుగా ఉంటున్నాను, మాది తూర్పు గోదావరి. పర్షియన్ గల్ఫ్ అనేసరికి ఆగిపోయి చదివాను. ఇక్కడ శుక్రవారం చేపల మార్కెట్‌కి వెళ్తే చిన్న సొరలు దొరుకుతాయి, రూమ్‌లో మనవాళ్లంతా కలిసి పుట్టు చేసుకుంటాం, ఊరు గుర్తొస్తుంది. ఇప్పుడు ఈ పరిశోధన సంగతి వింటే టెన్షన్‌గా ఉంది. గల్ఫ్ నీళ్లు అంత పాడయ్యాయా?

సముద్రఘోష:
బాబాయ్, గల్ఫ్ చాలా లోతు తక్కువ సముద్రం, సగటున 35 మీటర్లే. బయటి సముద్రంతో కలిసేది హోర్ముజ్ జలసంధి దగ్గర మాత్రమే, కాబట్టి లోపల పడింది బయటికి పోవడానికి ఏళ్లు పడుతుంది. చుట్టూ చమురు, ఓడలు, ఉప్పు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు, 1991 యుద్ధంలో ఒలికిన చమురు ఉండనే ఉంది. అందుకే అక్కడ ఇలాంటి పరీక్షలు ఎక్కువ చేస్తారు. అయితే పురుగులో వందల రెట్లు రావడం గల్ఫ్‌కే ప్రత్యేకం కాదు, అంటార్కిటికాలోనూ పురుగులోనే ఎక్కువ వచ్చిందని పైన రాశాను కదా. ఆ "రెట్లు" అనేది పురుగు స్వభావం. సముద్రం పాడైందా లేదా అనేది తెలియాలంటే ఒక చోటి పురుగుని ఇంకో చోటి అదే జాతి పురుగుతో పోల్చాలి, లేదా ఈ ఏటి పురుగుని వచ్చే ఏటి పురుగుతో. ఒక్క పురుగు, ఒక్క అంకె, దానితో ఏమీ తేలదు.

తెప్ప_మీద:
మాది వేట కుటుంబం, నాన్న తెప్ప మీద పోయేవాడు, నేను బోటు మీద పోతున్నాను. మీరు పుస్తకాల్లో చదివారు, నేను కళ్లతో చూసినవి చెప్తాను. లోతులో పట్టిన సూర చేప మొప్పలు విప్పితే పసుపుపచ్చగా గింజల్లాంటివి కనపడతాయి, గోటితో నొక్కితే లోపల మెలికలు తిరిగిన పురుగు ఉంటుంది. చందువల్లో, కానాగంతల్లో పొట్టలో గడియారం స్ప్రింగులా చుట్టుకున్న తెల్ల పురుగులు వస్తాయి. చిన్నప్పుడు మా ఒడ్డున పట్టే జెల్లల్లో కూడా రకరకాలు ఉండేవి. ఇప్పుడు కాలవ నీళ్లు సముద్రంలో కలిసే చోట పట్టిన జెల్ల కోస్తే పేగు ఖాళీ. మొప్పలు మాత్రం జిగటగా, పాచి పట్టినట్టు ఉంటాయి. మావాళ్లు పురుగు లేదు కదా, శుభ్రమైన చేప అంటారు. నాకు మనసు ఒప్పదు, ఆ నీళ్ల వాసనే వేరు.

ఇంకో మాట. మా వలలకి కట్టేది సీసం గుండ్లే. వల తెగితే అవన్నీ అడుగున ఉండిపోతాయి. వాటి సీసం కూడా చేపల్లోకి వస్తుందా?

సముద్రఘోష:
తమ్ముడూ, మీ మనసు చెప్పిందే సరైనది, నేను ఇంతసేపు రాసినదానికంటే మీ జెల్ల ముఖ్యం.

పురుగులు రెండు రకాలుగా చెప్తాయి. ఒకటి ఒంట్లో లోహం పోగేసి చెప్పడం. రెండోది, ఉండటం ద్వారా, లేకపోవడం ద్వారా చెప్పడం. చేప పేగులో పురుగు బతకాలంటే దాని పిల్ల దశలు మొదట నత్తలోనో, గవ్వలోనో, రొయ్యలాంటి చిన్న ప్రాణిలోనో పెరగాలి, ఆ ప్రాణిని చేప తినాలి. మధ్యలో కొన్ని దశలు నీళ్లలో ఒంటరిగా ఈదుతాయి, అవి చాలా సున్నితం, లోహం గానీ మురికి గానీ తగిలితే చస్తాయి. నీళ్లు పాడైతే ముందు నత్తలు పోతాయి, ఈదే పిల్లలు పోతాయి, ఆ తర్వాత చేప పేగు ఖాళీ అవుతుంది. అదే సమయంలో మొప్పల మీద ట్రైకోడైనా అనే కంటికి కనపడని చక్రాల్లాంటి ఏకకణ జీవులు పెరుగుతాయి, వాటికి నత్త అక్కర్లేదు, మురికి నీళ్లలో బ్యాక్టీరియా తిని బతుకుతాయి. స్కాట్లాండ్‌లో కెన్ మెకెంజీ 1999లోనే ఇది ముందస్తు హెచ్చరికగా వాడుకోవచ్చని ప్రతిపాదించాడు: పేగు పురుగులు తగ్గుతూ, మొప్పల మీదవి పెరుగుతూ ఉంటే ఆ నీటికి జబ్బు చేసినట్టే. మీరు చూసిన జిగట మొప్ప అదే అని మైక్రోస్కోప్ కింద పెట్టకుండా నేను చెప్పలేను, కాని మీరు చూడాల్సిన చోటే చూశారు.

సీసం గుండ్లు: గట్టి లోహం నీళ్లలో చాలా నెమ్మదిగా కరుగుతుంది, దాని పైన పొర కట్టేస్తుంది. అయినా అడుగున రాళ్లకి రాసుకుంటూ ఉంటే కొంత పొడి బురదలో కలుస్తుంది. బోట్ల అడుగున వేసే రంగులో రాగి ఉంటుంది, ఓడరేవు బురదలో అది బాగా చేరుతుంది. వీటిలో దేని వాటా ఎంతో కొలిస్తే గానీ చెప్పలేం.

డల్లాస్_నర్సు:
ఉప్పుటేరు గారూ, అందరూ పురుగుల గురించి రాస్తున్నారు, మీ చెల్లి సంగతి ఎవరూ రాయలేదు. నేను తల్లీబిడ్డల వార్డులో పని చేస్తాను, మాది గుంటూరు జిల్లా.

సీసం, కాడ్మియం చేప కండలో పెద్దగా చేరవు, పైన చెప్పారు. పాదరసం అలా కాదు. సముద్రంలో అది మిథైల్ మెర్క్యురీగా మారి నేరుగా కండలోని ప్రోటీన్‌కి అంటుకుంటుంది, కడిగితే పోదు, ఉడికిస్తే పోదు. చిన్న చేపని పెద్ద చేప తింటూ పోయే కొద్దీ పెరుగుతుంది, అందుకని సొర లాంటి వేటాడే చేపల్లో ఎక్కువ. అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ఎఫ్‌డీఏ సంస్థ ఇచ్చిన, గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ తినకూడని చేపల జాబితాలో సొర పేరు ఉంది. పాలసొర చిన్న జాతి, మీవి పెద్ద సొరలంత కాకపోవచ్చు, ఒకటి రెండుసార్లు తిన్నందుకు ఎవరూ భయపడక్కర్లేదు. కాని పురుడు అయిన నెలంతా రోజు మార్చి రోజు పెట్టే అలవాటు ఉంటే నేను వద్దనే అంటాను. నెత్తళ్లు, కవ్వళ్లు చిన్న చేపలు, పాదరసం తక్కువ, బిడ్డ మెదడుకి కావలసిన ఒమేగా కొవ్వులు దండిగా ఉంటాయి. అదే వెల్లుల్లి, అదే కారం వేసి అమ్మగారి చేతితో చేస్తే చెల్లి ఇష్టంగానే తింటుంది. పాలు పడటానికి ముఖ్యం బిడ్డకి తరచుగా పట్టించడం, తల్లి కడుపు నిండా తినడం, నీళ్లు తాగడం. మీ డాక్టర్‌ని కూడా ఒకసారి అడగండి.

అమ్మగారితో వాదం పెట్టుకోకండి. అమ్మమ్మ కాలంలో ఆవిడ చేసింది ప్రేమతోనే, అప్పటికి తెలిసిన మేరకి.

అనుమానం:
అంటే పురుగులు పాదరసం గురించి చెప్పవా?

సముద్రఘోష:
సీసం, కాడ్మియం చెప్పినంత బాగా చెప్పవు. పాదరసం కండలో ఇరుక్కుంటుంది కాబట్టి దానికి చేప కండనే పరీక్ష చేయాలి, అదీ పెద్ద వయసు చేపది. జపాన్‌లోని మినమాటాలో మనుషుల్ని చంపింది ఆ కండలోని పాదరసమే, 1956లో ఆ జబ్బు బయటపడింది. ఏ లోహానికి ఏ సాక్షిని పిలవాలో తెలుసుకుని పిలవాలి.

పురుగులన్నీ కూడా ఒకటి కాదు. తెప్ప తమ్ముడు చెప్పిన స్ప్రింగు పురుగులు గుండ్రని పురుగుల పిల్లలు, పేగు బయట పొట్టలో చుట్టుకుని పడుకుని ఉంటాయి. పైన మందమైన పొర, లోపల సొంత పేగు. అవి లోహాన్ని అంతగా పోగెయ్యవు. చేపని సగం ఉడికించి తింటే మనిషికి కడుపునొప్పి తెచ్చేవి వీటిలోనే ఉన్నాయి, మన పులుసులో కుతకుత ఉడికితే చస్తాయి, దాని గురించి దిగులు వద్దు.

అనుమానం:
ఇంకొక్కటి అడిగి ఆపేస్తాను. ఆల్చిప్పలతో ఈ పరీక్షలు ఎప్పటి నుంచో చేస్తున్నారు కదా, పురుగుల దాకా ఎందుకు పోవడం?

నైట్రిక్:
నిజమే, ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ 1975లో ప్రతిపాదిస్తే అమెరికా 1986 నుంచి ఆల్చిప్పలతో తీరమంతా పరీక్షిస్తోంది. ఆల్చిప్ప కదలదు, ఎక్కడ పట్టామో అక్కడి సంగతే చెప్తుంది, అది దాని బలం. కాని నీళ్లు వడగట్టి తాగుతుంది కాబట్టి నీళ్లలోని సంగతే చెప్తుంది. చేప తిండిలోంచి పైకి ఎక్కిన లోహం సంగతి పేగులో కూర్చున్న పురుగు చెప్తుంది. ఆస్ట్రియాలో ఒక సరస్సులో గవ్వల్నీ, చేప పురుగుల్నీ పక్కపక్కన పెట్టి కొలిస్తే పురుగుల్లోనే ఎక్కువ వచ్చింది. పురుగు బలహీనత చేప ఈదుతుంది అనేదే. సొర అయితే మరీ, ఈరోజు ఇక్కడ, వచ్చే నెల ఎక్కడో. నన్నడిగితే మన తీరానికి సొర కంటే జెల్లే మంచిది, కాలవ మూతి వదిలి సొర అంత దూరం పోదు.

ఉప్పుటేరు:
అందరికీ చేతులెత్తి దండం. నర్సు గారు రాసింది అమ్మకి పూర్తిగా చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. సాయంత్రం తనే వెళ్లి అర కిలో నెత్తళ్లు తెచ్చింది, చింతకాయ వేసి పులుసు పెట్టింది. సొరల్ని మేం పెద్దవాళ్లం తిన్నాం, పేగులు మాత్రం కవర్‌లో కట్టి ఫ్రీజర్‌లో ఉంచాను, పారేయబుద్ధి కాలేదు. ఇవి ఎవరికైనా పనికొస్తాయా?

నైట్రిక్:
ఏ కత్తితో కోశారు? స్టీలు కత్తి అయితే క్రోమియం, నికెల్ లెక్కలు నమ్మలేం, సీసం, కాడ్మియం వరకు చూడొచ్చు. ఫ్రీజర్‌లో పెట్టడం చాలా మంచి పని, ఫార్మలిన్‌లో వేసి ఉంటే లోహం కొంత దానిలోకి దిగిపోయేది. కాని మూడు సొరలతో ఏదీ తేలదు అండి, అబద్ధం చెప్పను.

తెప్ప తమ్ముడూ, మీరు సాయం చేస్తే మాత్రం ఒక పని చేయొచ్చు. కాలవ మూతి దగ్గర జెల్లలు, దూరంగా శుభ్రమైన చోట అదే జాతి, అదే సైజు జెల్లలు. మా ల్యాబ్‌లో పెద్ద మేడం సెలవు రోజున మెషీన్ వాడుకోవడానికి ఒప్పుకున్నారు.

తెప్ప_మీద:
చేస్తాను అన్నా. అమావాస్య పోటు తగ్గాక వెళ్తాం. ఎన్ని కావాలి, ఎలా తేవాలి?

నైట్రిక్:
ఒక్కో చోటి నుంచి కనీసం 20. చేపని కోయకండి, పొట్ట ముట్టుకోకండి, ఒక్కోదాన్ని విడిగా కొత్త ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఐస్ మీద వేయండి. వలకున్న సీసం గుండు చేపకి తగలకుండా చూడండి. లోతు, చోటు, తేదీ కాగితం మీద పెన్సిల్‌తో రాయండి, పెన్ను అయితే తడికి పోతుంది.

సముద్రఘోష:
పేగు కోసేది నేను. ముందురోజు రాత్రి బస్సెక్కి వస్తాను. పేగు ఖాళీగా ఉన్నా పారేయకండి తమ్ముడూ, ఖాళీ అని కూడా రాయాలి. మొప్పలు మైక్రోస్కోప్ కింద నేను చూస్తాను.

తెప్ప_మీద:
సరే అక్కా. జెట్టీ దగ్గర టీ కొట్టు ముందు ఉంటాను, తెల్లారి ఐదింటికల్లా బోటు వచ్చేస్తుంది.